చిన్న డీఎస్ఎల్ఆర్‌తో ఫోటోగ్రఫీ చదువు సాగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి పాఠశాల చదువు ముగించి ఫోటోగ్రఫీ డిప్లొమాలో చేరబోతోంది. రోజూ సంచిలో వేసుకుని తిరగడానికి వీలైన చిన్న, తేలికైన డీఎస్ఎల్ఆర్ కావాలంటోంది. పెద్ద కెమెరా చేతిలో లేనిదే ఈ వృత్తిలో ఎవరూ లెక్కచేయరని దుకాణదారు చెబుతున్నారు. మరికొందరు డీఎస్ఎల్ఆర్‌ల కాలమే అయిపోయిందంటున్నారు. ఏది కొనాలి? ఎప్పుడు కొనాలి?

జవాబు: మీ అమ్మాయి కోరిక సబబైనదే. డీఎస్ఎల్ఆర్ అంటే లోపలి అద్దం ద్వారా దృశ్యాన్ని కంటికి చూపించే, లెన్స్‌లు మార్చుకోదగిన డిజిటల్ కెమెరా. కెమెరా బాడీ (లెన్స్ కాక మిగిలిన భాగం) చిన్నదైనంత మాత్రాన ఫోటో నాణ్యత తగ్గదు, ఎందుకంటే నాణ్యతను ప్రధానంగా నిర్ణయించేవి సెన్సర్ (వెలుగును చిత్రంగా మార్చే పలక), లెన్స్, వాటిని వాడే మనిషి. 2013లో కెనన్ సంస్థ విడుదల చేసిన ఈఓఎస్ 100డి, ఏపీఎస్-సీ అనే మధ్యస్థ కొలత సెన్సర్ ఉన్న డీఎస్ఎల్ఆర్‌లలో అప్పటికి అతి చిన్నది. బ్యాటరీ, కార్డుతో కలిపి దాని బరువు 407 గ్రాములే. అయినా అందులోని సెన్సర్ కొలత, అదే సంస్థ తయారుచేసిన ఎంతో బరువైన ఏపీఎస్-సీ కెమెరాలలోని సెన్సర్ కొలతకు సమానం. ఉద్యోగానికో, సహాయకురాలి పనికో వెళ్లినప్పుడు అవతలివారు చూసేది ఆమె తీసిన ఫోటోల సంకలనాన్నే గనుక, దుకాణదారు మాటను మీరు పట్టించుకోనక్కర్లేదు.

పైగా విద్యార్థి దశలో తేలికదనం ఒక సౌకర్యం మాత్రమే కాదు, సాధనకు అవసరం కూడా. ఉదయపు వెలుగును, వాన వెలిసిన తరువాతి నీడలను, నడిచే మనుషుల కదలికను పట్టుకోవడం నేర్చుకోవాలంటే కెమెరా ఎప్పుడూ వెంట ఉండాలి. బరువైన కెమెరా కొన్నాళ్లకు అల్మారాకే పరిమితమవుతుంది. అయితే చిన్నదనానికీ ఒక హద్దు ఉంది. పట్టు మరీ చిన్నగా ఉంటే చిటికెన వేలికి ఆసరా దొరకదు, దూరపు దృశ్యాలను దగ్గరగా చూపే పొడవైన టెలిఫోటో లెన్స్ బిగించినప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది. అందువల్ల మీ అమ్మాయి కెమెరాను లెన్స్‌తో సహా చేతిలోకి తీసుకుని, కంటికి ఆనించి, బొటనవేలు, చూపుడువేలు బటన్లకు సులువుగా అందుతున్నాయో లేదో స్వయంగా చూసుకోవాలి. ఈ పరీక్ష మీరు ఆమె తరఫున చేయగలిగేది కాదు.

చిన్న డీఎస్ఎల్ఆర్‌లలో ప్రధానంగా చూడదగినవి కెనన్ 200డి (2017), 250డి (2019), నికాన్ డి3500 (2018). ఈ మూడింటి సెన్సర్‌లూ 24 మెగాపిక్సెళ్లవే, బ్యాటరీ, కార్డుతో కలిపి మూడూ 410 నుంచి 455 గ్రాముల మధ్య తూగుతాయి. మెగాపిక్సెళ్ల గురించి ఇంతకుమించి ఆలోచించడం వృథా. కొన్ని దేశాలలో 250డినే 200డి మార్క్ 2 పేరుతో అమ్ముతారు కనుక, బిల్లు మీద, పెట్టె మీద ఉన్న పేరును సరిచూసుకోండి.

వీటి మధ్య తేడాలను మీ అమ్మాయి ఎంచుకోబోయే రంగాన్ని బట్టి తూచాలి. నికాన్ డి3500 ఒక్క ఛార్జింగ్‌తో ప్రామాణిక పరీక్షలో 1550 ఫోటోలు తీస్తుంది. కెనన్ 250డి 1070 తీస్తుంది. రోజంతా బయట తిరిగే విద్యార్థికి నికాన్ ఇక్కడ ఉపయోగకరం. కానీ డి3500కి బయటి మైక్ పెట్టుకునే రంధ్రం లేదు, దాని తెర కదలదు, తెర మీద చూస్తూ తీసేటప్పుడు ఫోకస్ నెమ్మదిగా కుదురుకుంటుంది. కెనన్ 200డి, 250డిలలో తెర పక్కకు తెరుచుకుని తిరుగుతుంది, మైక్ రంధ్రం ఉంది, వీడియోలో ఫోకస్ చురుకుగా పనిచేస్తుంది. పెళ్లిళ్లు, వార్తలు, ప్రకటనలు, ఏ రంగంలోనైనా ఇప్పుడు ఫోటోతో పాటు కాస్త వీడియో కూడా తీసిపెట్టమని అడగడం మామూలైపోయింది కాబట్టి, నా మొగ్గు కెనన్ వైపే.

అయితే కెనన్ 250డిలో ఒక లోపం ఉంది. స్టూడియో పాఠాలు మొదలయ్యేదాకా చాలామంది దాన్ని గమనించరు. బయటి ఫ్లాష్ బిగించే చోట మధ్యలో ఉండవలసిన లోహపు స్పర్శబిందువును ఈ మోడల్‌లో తీసివేశారు. స్టూడియో లైట్లను వెలిగించే సాధారణ ట్రిగ్గర్లు, ఇతర సంస్థల పాత ఫ్లాష్‌లు ఆ బిందువు ద్వారానే సంకేతం అందుకుంటాయి. అది లేకపోతే అవి వెలగవు. కెనన్ సంకేతాలను అర్థం చేసుకునేలా తయారైన ట్రిగ్గర్లే పనిచేస్తాయి. 200డిలో ఈ ఇబ్బంది లేదు. డిప్లొమాలో స్టూడియో లైటింగ్ ఒక పాఠ్యాంశమై ఉండి, సంస్థ దగ్గర ఉన్నవి మామూలు ట్రిగ్గర్లే అయితే, 250డి కన్నా రెండేళ్లు పాతదైనా 200డినే ఎంచుకోవడం మంచిది.

ఈ తరగతి కెమెరాలన్నింటికీ ఉమ్మడిగా రెండు పరిమితులున్నాయి. మొదటిది వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే కిటికీ: తుది ఫోటోలో పడే దృశ్యంలో దాదాపు 95 శాతమే అందులో కనిపిస్తుంది, అంటే అంచున నిలబడ్డ మనిషి భుజమో, కరెంటు తీగో కంటికి కనబడకుండానే ఫోటోలోకి వచ్చేస్తుంది. అంచులను తీసిన తరువాత తెర మీద సరిచూసుకునే అలవాటుతో దీన్ని అధిగమించవచ్చు. రెండవది, తిప్పే చక్రం ఒక్కటే ఉండటం. అన్నీ చేత్తో అమర్చుకునే మాన్యువల్ పద్ధతిలో అదే చక్రం షట్టర్ స్పీడును (సెన్సర్ మీద వెలుగు పడే సమయాన్ని) మారుస్తుంది, అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మార్చాలంటే ఒక బటన్ నొక్కి పట్టుకుని తిప్పాలి. మొదట్లో ఇది విసుగు పుట్టించినా చేయి త్వరలోనే అలవాటు పడుతుంది.

డబ్బు విషయంలో నా సలహా ఒక్కటే: బాడీ మీద ఆదా చేసి, రెండవ లెన్స్ మీద ఖర్చు పెట్టండి. కెమెరాతో వచ్చే 18–55 మిల్లీమీటర్ల కిట్ లెన్స్ పగటి వెలుగులో చక్కగా పనిచేస్తుంది. కానీ జూమ్ చేసేకొద్దీ దాని అపెర్చర్ చిన్నదవుతుంది, మసక వెలుతురులో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచక తప్పదు. కెనన్‌కు 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్, నికాన్‌కు 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ తక్కువ ఖర్చులో దొరికేవే (ఎఫ్ పక్కన సంఖ్య చిన్నదైనకొద్దీ అపెర్చర్ పెద్దది). వీటికి జూమ్ ఉండదు గనుక విద్యార్థి తన కాళ్లతో ముందుకూ వెనక్కూ జరిగి ఫ్రేము కుదుర్చుకోవాలి, ఆ క్రమంలో దూరానికీ నేపథ్యానికీ ఉన్న సంబంధం దానంతటదే బోధపడుతుంది. నికాన్ తీసుకుంటే ఒక జాగ్రత్త అవసరం: డి3500 బాడీలో ఫోకస్ మోటారు లేదు కాబట్టి, సొంత మోటారు ఉండే ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ అక్షరాలున్న లెన్స్‌లు కాక పాత ఏఎఫ్ లెన్స్‌లు కొంటే ఫోకస్‌ను చేత్తో తిప్పుకోవలసి వస్తుంది.

ఇక డీఎస్ఎల్ఆర్‌ల కాలం అయిపోయిందన్న మాటలో నిజం ఉంది. కెనన్, నికాన్ రెండూ కొత్త నమూనాలను అద్దం లేని మిర్రర్‌లెస్ తరగతిలోనే తెస్తున్నాయి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2020లోనే తన ఫోటో, వీడియో జర్నలిస్టులకు సోనీ పరికరాలు సమకూర్చాలని నిర్ణయించింది. కనుక మీ అమ్మాయి వృత్తిలోకి వచ్చేనాటికి చేతిలో ఉండేది బహుశా మిర్రర్‌లెస్ కెమెరాయే. అయినా అపెర్చర్, షట్టర్ స్పీడు, వెలుగు దిశ, ఫ్రేము కూర్పు రెండింటిలోనూ ఒకటే, నేర్చుకున్నది వృథా కాదు. లెన్స్‌లు కూడా పూర్తిగా వృథా కావు: కెనన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్స్‌లు అడాప్టర్ ద్వారా ఆ సంస్థ మిర్రర్‌లెస్ కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి, నికాన్ ఏఎఫ్-ఎస్ లెన్స్‌లకూ ఆ వీలుంది. అయితే ఖరీదైన డీఎస్ఎల్ఆర్ లెన్స్‌ల మీద ఇప్పుడు పెద్ద మొత్తం పెట్టకండి. మీ స్తోమతకు కొత్త మిర్రర్‌లెస్ కెమెరా, దానితో పాటు మంచి లెన్స్ కూడా అందుబాటులో ఉంటే నేరుగా దానికే వెళ్లడంలో తప్పేమీ లేదు. రెంటిలో ఒకటే కుదిరితే డీఎస్ఎల్ఆర్, రెండు లెన్స్‌ల ఏర్పాటే మేలు.

ఈ నమూనాలు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతాయి కనుక పరిశీలన ముఖ్యం. షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో అడగండి. ఈ తరగతి షట్టర్లు సుమారు లక్ష సార్లు పనిచేసేలా తయారవుతాయి, కాబట్టి ఇరవై ముప్పై వేల లోపు ఉన్నది నిశ్చింతగా తీసుకోవచ్చు. అపెర్చర్‌ను ఎఫ్ 16కి తగ్గించి తెల్లని గోడను ఫోటో తీస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. దుమ్మైతే శుభ్రం చేయించవచ్చు, గీత అయితే ఆ కెమెరా వద్దు. లెన్స్‌ను వెలుగుకు పట్టి, లోపల బూజు దారాలు లేవని చూసుకోండి.

ఎప్పుడు కొనాలన్న ప్రశ్నకు వస్తే, ప్రవేశం ఖరారై, సంస్థ పరికరాల జాబితా ఇచ్చేదాకా ఆగండి. కొన్ని సంస్థలు మొదటి సంవత్సరంలో తమ కెమెరాలనే విద్యార్థులకు ఇస్తాయి, మరికొన్ని అందరూ ఒకే సంస్థ కెమెరా తెచ్చుకోవాలంటాయి, ఎందుకంటే అలాగైతే తరగతిలో లెన్స్‌లు పంచుకోవచ్చు. జాబితా రాగానే వారిని రెండు విషయాలు అడగండి: స్టూడియోలో వాడే ట్రిగ్గర్లు ఏ రకానివి, వీడియో పాఠ్యాంశం ఎన్నో సెమిస్టర్‌లో మొదలవుతుంది. ఆ రెండు జవాబులతో 200డి, 250డి, డి3500లలో ఏది మీ అమ్మాయికి సరిపోతుందో తేలిపోతుంది.