కొండ మాదే, కానీ కాగితం లేదంటున్నారు

ప్రశ్న: మాది పాడేరు ఏజెన్సీలో కొండదొరల గూడెం. అడ్డాకులు, దుంపలు, వంటచెరకు అన్నీ ఊరి వెనక కొండ నుంచే. మా కొండదేవత అక్కడే ఉంది. ఆ కొండపై సామూహిక అటవీ వనరుల హక్కు కోసం గ్రామసభ తీర్మానం చేసి పంపాం. సబ్ డివిజన్ స్థాయి కమిటీ ‘ఆధారాలు లేవు’ అని తోసిపుచ్చిందట. నాలుగు నెలల కింద నోటిమాటగా చెప్పారు. ఆఫీసులో మమ్మల్ని చాలా చులకనగా చూశారు. కొంత అడవి కొట్టి పోడు వేస్తే స్వాధీనం రుజువవుతుందని ఒకాయన అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: వద్దు. ఒక్క చెట్టు కూడా నరకకండి. అటవీ హక్కుల చట్టం కింద సాగుభూమి పట్టాకైతే 2005 డిసెంబర్ 13 నాటికే స్వాధీనంలో ఉండాలి. ఇవాళ కొట్టిన పోడు దానికీ పనికిరాదు. పైగా అటవీ చట్టం కింద కేసు పడుతుంది. మీరు అడుగుతున్నది తరతరాలుగా కాపాడుకుంటున్న కొండపై ఊరి హక్కు. దానికి సాగు చూపించాల్సిన పనే లేదు. ‘అడవిని నరికేవాళ్లు వీళ్లే’ అనడానికి ఉపగ్రహ చిత్రంలో కనిపించే ఆధారం మీరే కమిటీ చేతికిచ్చినట్టవుతుంది.

ఆఫీసులో జరిగిన అవమానం గురించి రాశారు. కేసు దాని మీద తేలదు. తిరస్కరణ మీకు ఎప్పుడు, ఎలా తెలిపారన్నదే ఇక్కడ అసలు విషయం. అటవీ హక్కుల చట్టానికి 2012లో సవరించిన నిబంధనల్లో 12ఎ ప్రకారం ఆ సంగతి హక్కుదారుకు స్వయంగా తెలియజేయాలి, కారణాలు రాయాలి. జిల్లా స్థాయి కమిటీకి వెళ్లడానికి గడువు 60 రోజులు, కమిటీ ఒప్పుకుంటే మరో 30. మీకు రెండూ దాటాయి. కారణాలతో కూడిన ఉత్తర్వు అందలేదన్నదే మీకున్న బలమైన వాదన. అయినా నాలుగు నెలలు చేతులు కట్టుకుని కూర్చోవడం పెద్ద తప్పు. ఆ రోజే కాగితం అడగాల్సింది.

ఇక ఆధారాల సంగతి. నిబంధన 13 ప్రకారం పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే అది సాక్ష్యమే. దేవతాస్థలాలు, శ్మశానాలు, పాత బావులు కూడా ఆధారాలే. ఉపగ్రహ చిత్రం వీటికి తోడుగా మాత్రమే ఉండాలి, వీటి స్థానంలో కాదు. ఏ వాగు దగ్గర మీ ఎల్ల ముగుస్తుందో, ఏ దుంప ఏ నెలలో తవ్వాలో, ఎక్కడ కోత ఆపాలో మీ పెద్దలకు తెలుసు. అదంతా మీ ఫైల్లో ఒక్క పేజీ కూడా లేదు! ఒడిశా నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు జరిగాయి. అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోందుల కొండదేవుడి మాట తీర్మానాలుగా రాతకెక్కింది, బాక్సైట్ తవ్వకం ఆగింది.

ముందు వయసులో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఎల్లలు చెప్పించి, తేదీ వేసి, వేలిముద్రలు తీసుకోండి. పక్క గూడేల పెద్దలతోనూ రాయించండి, ఎల్ల మీద తగవు ఉంటే ఇప్పుడే తేలుతుంది. కొండ పటం గీయించి గ్రామసభలో మళ్లీ పెట్టండి. సగం మంది హాజరు కావాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లుండాలి. పాత తేదీతో తీర్మానం రాయకండి, అది ఫోర్జరీ అవుతుంది.

ఈలోగా ఉత్తర్వు నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజులు పట్టవచ్చు, దానికోసం ఆగకండి. ఉత్తర్వు అందలేదని రాసి జిల్లా కమిటీకి ఇప్పుడే పిటిషన్ ఇవ్వండి, రసీదు తీసుకోండి. గ్రామసభ తీర్మానం అసంపూర్ణంగా ఉన్నా, మరింత పరిశీలన అవసరమైనా తిరస్కరించకుండా గ్రామసభకు తిప్పి పంపాలని 12ఎలోనే ఉంది, అదే కోరండి. అక్కడా వినకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఆ రిట్‌కు ఈ రసీదే మొదటి కాగితం.