కీబోర్డులో టచ్ సాఫ్ట్‌లో పెట్టాలా, మీడియంలోనా, లేక ఆఫ్ చేసేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. తొమ్మిదేళ్ల పాప కొత్తగా కీబోర్డు నేర్చుకుంటోంది. వాయిస్తుంటే కొన్ని స్వరాలు ఠంగుమంటున్నాయి, కొన్ని వినీ వినబడకుండా పోతున్నాయి. ఒకరేమో టచ్ (కీ నొక్కే తీరును బట్టి శబ్దం పెద్దగానో చిన్నగానో వచ్చేలా చేసే సెట్టింగు) ఆఫ్ చేసేయమన్నారు, ఇంకొకరు సాఫ్ట్‌లో పెట్టమన్నారు.

ఆఫ్ మాత్రం చేయకండి. మీడియంలోనే ఉంచి, ముందు వాల్యూమ్ సంగతి చూడండి. నేను కాకినాడలో చాలా ఏళ్లుగా చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాను, సాయంత్రాలు పిల్లలకు నేర్పుతాను. కొత్తగా కీబోర్డు కొన్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తుంది.

టచ్ సెట్టింగు మార్చితే కీ బరువు మారదు. ప్రతి కీ కింద రబ్బరు బుడిపె ఉంటుంది, అందులో రెండు కాంటాక్టులు ఉంటాయి. కీ దిగేటప్పుడు ఒకటి ముందు తగులుతుంది, రెండోది క్షణంలో చిన్న భాగం ఆలస్యంగా తగులుతుంది. ఆ మధ్యలో ఎంత సమయం పట్టిందో కీబోర్డు కొలుచుకుంటుంది. అంటే అది చూసేది వేలి బలాన్ని కాదు, కీ దిగిన వేగాన్ని. ఆ వేగాన్ని మిడి (వాయించినదాన్ని కీబోర్డులు, కంప్యూటర్లు అంకెలుగా రాసుకునే పద్ధతి) లెక్కలో 1 నుంచి 127 లోపు ఒక అంకెగా మారుస్తుంది. ఏ వేగానికి ఎంత అంకె వేయాలో చెప్పేదే టచ్ సెట్టింగు. సాఫ్ట్ పెడితే మెల్లగా నొక్కినా పెద్ద అంకె పడుతుంది, శబ్దం పెద్దగా వస్తుంది. హార్డ్ పెడితే బాగా కొడితేగానీ పెద్ద శబ్దం రాదు. కొన్ని కంపెనీలు వీటినే లైట్, హెవీ అని రాస్తాయి. పాప గట్టిగా వాయిస్తోంది కదా, శబ్దం తగ్గుతుందని సాఫ్ట్ పెట్టేవాళ్లు చాలామంది. దానివల్ల శబ్దం ఇంకా పెరుగుతుంది.

ఇక వాల్యూమ్. అపార్టుమెంటుల్లో పక్కవాళ్లు ఏమనుకుంటారోనని, హాల్లో టీవీ నడుస్తోందని, వాల్యూమ్ బాగా తగ్గించి పిల్లల్ని కూర్చోబెడతారు. అప్పుడు మెల్లగా నొక్కిన స్వరం గదిలో వినబడనే వినబడదు. వినబడటం కోసం పిల్లలు కొట్టడం మొదలుపెడతారు. భుజం పైకి లేస్తుంది, మణికట్టు బిగుసుకుంటుంది. చూసేవాళ్లకు అది టచ్ సమస్యలా కనిపిస్తుంది. కాబట్టి ముందు పాపను ఒక కీ వీలైనంత మెల్లగా నొక్కమనండి. అది కుర్చీలో కూర్చున్న తనకు స్పష్టంగా వినబడేదాకా వాల్యూమ్ పెంచండి. తర్వాత గట్టిగా కొట్టి చూడమనండి, స్పీకరు బరబరమనకూడదు. ఇంట్లో అంత శబ్దం కుదరకపోతే హెడ్‌ఫోన్ పెట్టండి, చెవులకు ఇబ్బంది లేనంత వాల్యూమ్‌లో. ఈ ఒక్క పనితోనే చాలామంది పిల్లల వాయింపు సగం కుదుటపడటం చూశాను.

ఆ తర్వాత పియానో టోన్ పెట్టి, తెల్ల కీల మీద కుడిచేత్తో సరిగమపదనిస వాయించమనండి. మీరు కళ్లు మూసుకుని వినండి. స, రి, గ మొదటి మూడు వేళ్లతో వస్తాయి. మ దగ్గర బొటనవేలు మిగతా వేళ్ల కింద నుంచి దూరి వచ్చి పడాలి. అప్పుడు చెయ్యి మొత్తం ఆ వేలి మీదికి ఒరుగుతుంది, అందుకని మ ఠంగుమంటుంది. ని ఉంగరం వేలిది. ఆ వేలు స్వతహాగా బద్ధకం, అందుకని ని నీరసంగా వస్తుంది. మీరు చెప్పిన హెచ్చుతగ్గులు ఎక్కువగా ఈ రెండు చోట్లే ఉంటాయని నా అనుభవం. టచ్ ఆఫ్ చేస్తే మ, ని రెండూ ఒకేలా వినబడతాయి, వేళ్లు మాత్రం అలాగే ఉంటాయి. తప్పు ఎక్కడుందో పాప చెవికి తెలిసే దారి మూసుకుపోతుంది. రేపు టచ్ ఉన్న మరో కీబోర్డు ముందో, నిజమైన పియానో ముందో కూర్చుంటే మళ్లీ మొదటికొస్తుంది.

దీనికి సాధన ఒకటే. మొత్తం స్కేలు బాగా నెమ్మదిగా, బాగా మెల్లగా వాయించడం. గట్టిగా వాయిస్తూ సమానంగా వాయించడం తేలిక, మెల్లగా సమానంగా వాయించడమే కష్టం. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే యూఎస్‌బీ కేబుల్‌తో కీబోర్డుకు కలిపి, ఏదైనా ఉచిత రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో మిడి రికార్డు చేయండి. ప్రతి స్వరం కింద దాని వేగం ఒక గీతగా కనిపిస్తుంది. బొటనవేలి గీత పొడుగ్గా, ఉంగరం వేలి గీత పొట్టిగా ఉంటుంది. గీతలన్నీ ఒక ఎత్తుకు తేవాలని పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టుబడతారు. అది చూస్తే నాకు ఎంత సంతోషమో.

అందరికీ మీడియమే అని కాదు. అయిదారేళ్ల పిల్లలకు, కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు సాఫ్ట్ మంచిది. హార్మోనియం నుంచి వచ్చినవాళ్లకు హార్డ్ బాగా పనికొస్తుంది. హార్మోనియంలో శబ్దం తిత్తి గాలి వల్ల పెరుగుతుంది, తగ్గుతుంది. కీ ఎంత గట్టిగా నొక్కారన్నది దానికి పట్టదు. అందుకని వాళ్లు ప్రతి కీనీ అడుగుదాకా గట్టిగా నొక్కుతారు, మీడియంలో అన్నీ పెద్ద శబ్దాలే వస్తాయి.

ఆఫ్‌కు కూడా దాని చోటు దానికుంది. కొన్ని మోడళ్లలో దాన్ని ఫిక్స్‌డ్ అంటారు. ఆర్గాన్, హార్మోనియం టోన్లకు నేను టచ్ ఆఫ్‌లోనే ఉంచుతాను, ఎందుకంటే అసలు వాయిద్యాల్లోనే వేలి వేగానికి శబ్దం మారదు. పాట వెనక స్ట్రింగ్స్ (వయొలిన్ల గుంపులాంటి టోన్) పరిచినట్టు వాయించేటప్పుడూ అంతే. అక్కడ హెచ్చుతగ్గులు పెడల్‌తో చేస్తాను. పియానో టోన్‌కు మాత్రం ఆఫ్ నాకు అస్సలు నచ్చదు. మంచి కీబోర్డుల్లో పియానోను మెల్లగా కొట్టినప్పుడు, గట్టిగా కొట్టినప్పుడు విడివిడిగా రికార్డు చేసి పెడతారు. శబ్దం ఎంత వస్తుందన్నదే కాదు, దాని స్వభావమూ మారుతుంది. ఆఫ్ చేస్తే ఆ పొరల్లో ఒక్కటే వినబడుతుంది.

ఇంకో సంగతి. రిథమ్ పెట్టుకుని వాయించేటప్పుడు కుడిచేతి మెల్లని స్వరాలు అందులో మునిగిపోతాయి. అప్పుడూ టచ్ జోలికి వెళ్లకండి, స్టైల్ వాల్యూమ్ (అంటే ఆ రిథమ్ శబ్దం) తగ్గించండి. బయట మీటింగుల్లో, డ్రమ్స్ పక్కన వాయించేటప్పుడు మాత్రం నేను మీడియం నుంచి సాఫ్ట్‌కు మారతాను, ఆఫ్‌కు కాదు.

ఇది చదివి కొత్తగా కొనబోయేవాళ్లు ఉంటే, టచ్ ఉందో లేదో అడిగి కొనండి. యమహా పీఎస్ఆర్-ఇ273లో, క్యాసియో సీటీ-ఎస్200లో టచ్ లేదు. పీఎస్ఆర్-ఇ373లో, సీటీ-ఎస్300లో ఉంది. నేర్చుకునే పిల్లలకైతే ఆ తేడాకు డబ్బు పెట్టడం దండగ కాదు.

ఇవన్నీ చేశాక కూడా ఒకే ఒక్క కీ, ఏ వేలితో ఎంత మెల్లగా నొక్కినా పెద్దగా మోగుతుంటే, లేదా అప్పుడప్పుడు మోగకుండా పోతుంటే, అది పాప వేలి తప్పు కాదు, సెట్టింగు తప్పూ కాదు. లోపల కాంటాక్టు మీద దుమ్మో తేమో చేరి ఉంటుంది. వారంటీ ఉంటే మీరు విప్పకుండా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. ఆ కీ ఏదో గుర్తుపెట్టుకుని చూపిస్తే వాళ్లకు పని తేలికవుతుంది. మీ మోడల్ నంబరు కింద రాస్తే, అందులో టచ్ మెనూ ఎక్కడుందో చూసి చెప్తాను.