లారీ రాబిన్సన్: డిఫెన్స్‌మన్ నుంచి కోచ్ దాకా

ప్రశ్న: ఐస్ హాకీలో డిఫెన్స్‌మన్‌గా ఆడినవారు మంచి కోచ్‌లు అవుతారని ఒక వ్యాఖ్యాత అనగా విన్నాను. గోల్స్ చేసినవారికే పేరు వచ్చే ఆటలో ఇది ఎలా సాధ్యం? ఎవరైనా ఒకరి ఉదాహరణతో వివరించగలరా?

జవాబు: లారీ రాబిన్సన్ క్రీడాజీవితాన్ని చూస్తే ఆ మాటలో నిజమెంతో, దాని హద్దు ఎక్కడో రెండూ తెలుస్తాయి. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1971లో 20వ స్థానంలో ఎంపికైన ఈ కెనడా ఆటగాడు మాంట్రియల్ కెనేడియన్స్ తరఫున ఆ లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్‌ను ఆరుసార్లు గెలిచాడు. ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు ఇచ్చే నోరిస్ ట్రోఫీని 1977లోనూ, 1980లోనూ అందుకున్నాడు.

ఫార్వర్డ్‌లు ముందుకు దూసుకుపోతుంటే డిఫెన్స్‌మన్ వెనుక నిలబడి, పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) చేజారితే ఎదురుదాడి ఏ వైపు నుంచి వస్తుందో ముందే పసిగట్టాలి. ప్రత్యర్థి మీదికి వస్తున్నప్పుడు అతడు వెనక్కి స్కేటింగ్ చేస్తూనే, పక్ చేసే మాయకు లోబడకుండా ఎదుటివాడి ఛాతీ మీద చూపు నిలిపి, అతణ్ణి మెల్లగా రింక్ (మంచు మైదానం) అంచున ఉండే గోడ వైపు మళ్లిస్తాడు. ఈ శ్రమ గోల్స్ పట్టికలో కనిపించదు. దాన్ని కొంతవరకైనా చూపేది ప్లస్-మైనస్ లెక్క: ప్రత్యర్థి కంటే ఎక్కువ మందితో ఆడుతూ చేసిన గోల్స్‌ను వదిలేసి, ఆటగాడు మంచు మీద ఉండగా తన జట్టు గోల్ చేస్తే అతని ఖాతాలో ఒకటి కలుపుతారు, ప్రత్యర్థి చేస్తే ఒకటి తీసేస్తారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో రాబిన్సన్ మొత్తం లెక్క +700కు పైనే. దాన్ని ఇంతవరకు ఎవరూ అందుకోలేదు.

1992లో ఆట నుంచి విరమించాక న్యూజెర్సీ డెవిల్స్‌లో సహాయ కోచ్‌గా చేరి, 1995లో ఆ జట్టు కప్ గెలవడంలో పాలుపంచుకున్నాడు. తర్వాత ప్రధాన కోచ్‌గా లాస్ ఏంజెలిస్ కింగ్స్‌తో గడిపిన నాలుగు సీజన్లు అంతగా కలిసిరాలేదు. తిరిగి డెవిల్స్‌కు సహాయకుడిగా వచ్చినవాడికి, 2000 మార్చిలో, లీగ్ దశ ముగియడానికి ఎనిమిది మ్యాచ్‌ల ముందు ప్రధాన బాధ్యత అప్పగించారు. ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌తో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో జట్టు 1-3తో వెనుకబడినప్పుడు, సౌమ్యుడిగా పేరున్న ఆ మనిషి డ్రెస్సింగ్ రూములో చెత్తబుట్టను కాలితో తన్ని ఆటగాళ్లను గట్టిగా మందలించాడు. వరుసగా మూడు మ్యాచ్‌లు గెలిచిన జట్టు ఫైనల్లో డాలస్ స్టార్స్‌ను కూడా ఓడించింది. ఓపికగా నేర్పేవాడని అప్పటికే ఎరిగి ఉండటం వల్లనే ఆ కోపం వారికి అంతగా తగిలిందని నా నమ్మకం.

అయితే నేర్పడం వేరు, జట్టు భారమంతా మోయడం వేరు. 2001 ఫైనల్లో కొలరాడో జట్టు చేతిలో ఏడో మ్యాచ్‌లో ఓటమి ఎదురైంది; 2002 జనవరిలో అతణ్ణి తొలగించారు. 2005లో మళ్లీ డెవిల్స్ పగ్గాలు చేపట్టినా, ఒత్తిడి ఆరోగ్యాన్ని దెబ్బతీస్తోందంటూ ఆ డిసెంబరులోనే తప్పుకున్నాడు. డిఫెన్స్‌మెన్‌ను తీర్చిదిద్దే సహాయకుడి స్థానమే అతనికి ఎక్కువగా నప్పిందని నాకు అనిపిస్తుంది. 2019లో కప్ గెలిచిన సెయింట్ లూయిస్ బ్లూస్‌కు కూడా అతడు పనిచేసింది సలహాదారుగానే.