పాయింట్లు చూసే ముందు పుట్టిన తేదీ చూడాలి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆటలు

ప్రశ్న: నేను అనంతపురంలో వ్యాయామ ఉపాధ్యాయుడిని, పిల్లలకు హాకీ నేర్పుతాను. మా తమ్ముడి కుటుంబం కెనడాలోని ఎడ్మంటన్‌లో స్థిరపడడంతో నాకు ఐస్ హాకీ మీద కూడా ఆసక్తి కలిగింది. ఏటా వేసవిలో ఒక్కో జట్టుకూ ‘రేపటి కుర్రాళ్లలో మొదటి పదిమంది’ అంటూ జాబితాలు వస్తుంటాయి. జూనియర్ లీగ్‌లో వంద పాయింట్లు సాధించిన కుర్రాడిని ఏడో స్థానంలో పెట్టి, అందులో సగం కూడా లేనివాడిని రెండో స్థానంలో కూర్చోబెడతారు. ఏ లెక్కన ఇలా చేస్తారు? పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని చూసి ఐదేళ్ల తరువాత ఏమవుతాడో ఎలా చెప్పగలుగుతారు?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మాస్టారూ, ముందుగా ఈ ఆట సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్ఎల్‌లో, 32 జట్లు ఉన్నాయి. ఏటా డ్రాఫ్ట్ పేరుతో ఏడు రౌండ్లలో సుమారు 224 మంది కుర్రాళ్లను ఈ జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి పద్దెనిమిదేళ్లు నిండేవారు అందుకు అర్హులు. ఎంపికైనంత మాత్రాన జట్టులో చోటు దొరకదు. చాలామంది మళ్లీ తమ జూనియర్ లీగ్‌కో, కళాశాలకో, ఐరోపాలోని క్లబ్బుకో వెళ్లి కొన్నేళ్లు ఆడి రావలసిందే. మీరు చూసే జాబితాలు ఆ నిరీక్షణలో ఉన్నవారి గురించినవి. ఇక పాయింటు అంటే, గోల్ కొట్టినా గోల్‌కు అందించినా ఆటగాడి ఖాతాలో పడే ఒకటి.

పాయింట్లను మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో 1993 డ్రాఫ్ట్ చూపించింది. అలెగ్జాండర్ డేగ్ అనే కుర్రాడు క్యుబెక్ జూనియర్ లీగ్‌లో 53 ఆటల్లో 137 పాయింట్లు సాధించగా, ఒట్టావా జట్టు అతడిని మొట్టమొదటి ఎంపికగా తీసుకుంది. ఎన్‌హెచ్ఎల్‌లో అతడు 616 ఆటలు ఆడి 327 పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. అదే ఏడాది రెండో ఎంపికగా వెళ్లిన డిఫెండర్ క్రిస్ ప్రాంగర్ 2000లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారమైన హార్ట్ ట్రోఫీని అందుకుని, ఆ తరువాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. డేగ్ అసమర్థుడు కాడు. ఆ స్థాయిలో ఆరు వందల ఆటలు ఆడడం మాటలు కాదు. జూనియర్ స్థాయిలో అతడికి దొరికిన వెసులుబాటు పై స్థాయిలో దొరకలేదు.

మన అనంతపురం వేరుశనగ రైతుకు ఇది కొత్త విషయమేమీ కాదు: ఆకు ఏపుగా ఉన్నంత మాత్రాన ఊడలు దిగి కాయ పట్టిందని అతడు నమ్మడు, ఒక చెట్టు పీకి చూస్తాడు. స్కౌట్లు, అంటే ఊరూరా తిరిగి కుర్రాళ్లను గమనించే పరిశీలకులు, చేసే పని కూడా ఇలాంటిదే.

వాళ్లు మొదట చూసేది వయసు, అదీ నెలలతో సహా. సెప్టెంబర్ 16న పుట్టినవాడికీ మరుసటి ఏడాది సెప్టెంబర్ 15న పుట్టినవాడికీ మధ్య దాదాపు సంవత్సరం తేడా ఉన్నా ఇద్దరూ ఒకే డ్రాఫ్ట్‌లోకి వస్తారు. ఆ వయసులో ఒక సంవత్సరం అంటే ఎంత ఎత్తో, ఎంత బలమో మీకు నేను చెప్పనక్కరలేదు. అండర్-14 ఎంపికలకు పిల్లలను తీసుకువెళ్లిన ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుడూ చూసిన సంగతే. కెనడాలో వయోవిభాగాలను జనవరి 1 నుంచి లెక్కిస్తారు. అక్కడి మేటి జూనియర్ జట్లలో సంవత్సరం మొదటి మూడు నెలల్లో పుట్టినవారు అసాధారణంగా ఎక్కువమంది ఉంటున్నారని మనస్తత్వ పరిశోధకుడు రోజర్ బార్న్స్‌లీ 1980ల్లోనే గుర్తించారు. అంటే తొందరగా ఎదిగినవాడు ముందుగా కంటబడుతున్నాడు, ఆలస్యంగా ఎదిగేవాడు లెక్కలోకి రాకుండా పోతున్నాడు. అందుకే, ఇద్దరికీ పాయింట్లు సమానమైతే నేను చిన్నవాడినే పైన పెడతాను.

రెండోది, ఎవరి మీద ఆడి సాధించాడన్నది. కెనడా జూనియర్ లీగ్‌లలో ఎదుట ఉండేది పదహారు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. స్వీడన్, ఫిన్‌లాండ్, రష్యా దేశాల మేటి లీగ్‌లలో ఎదుట ఉండేది ముప్ఫై ఏళ్లు దాటినవారితో సహా కండబలమున్న పెద్దవాళ్లు. గణాంక నిపుణులు ఒక లీగ్ పాయింట్లను ఎన్‌హెచ్ఎల్ విలువలోకి మార్చడానికి గుణకాలు తయారు చేశారు. ఒంటారియో జూనియర్ లీగ్‌కు ఆ గుణకాన్ని సుమారు 0.3గా తీసుకుంటారు. అరవై ఆటల్లో తొంభై పాయింట్లు సాధించిన కుర్రాడిని తీసుకోండి: ఆటకు ఒకటిన్నర పాయింటు, దాన్ని 0.3తో గుణిస్తే 0.45, 82 ఆటల సీజన్‌కు లెక్కిస్తే 37 పాయింట్లు. రష్యా లీగ్ గుణకం దీనికి రెట్టింపు కంటే ఎక్కువ. కాబట్టి పెద్దవాళ్ల లీగ్‌లో ఆటకు పది నిమిషాలు మాత్రమే ఆడే అవకాశం దొరికి, ఏడాదికి పదిహేను పాయింట్లు తెచ్చుకున్న పద్దెనిమిదేళ్లవాడు, మీరు చెప్పిన వంద పాయింట్ల కుర్రాడి కంటే జాబితాలో పైన ఉండడం అన్యాయం కాదు. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోవడంతో ఆ ఏడాది స్విట్జర్లాండ్ వెళ్లి జ్యూరిచ్ జట్టులో పెద్దవాళ్ల మధ్య ఆడి 36 ఆటల్లో 24 గోల్స్ కొట్టాడు. 2016లో టొరంటో అతడిని మొదటి ఎంపికగా తీసుకుంది. ఆ అక్టోబర్‌లో తన తొలి ఎన్‌హెచ్ఎల్ ఆటలోనే నాలుగు గోల్స్ చేశాడు.

పాయింట్లు ఎలా వచ్చాయన్నదీ చూడాలి. ప్రత్యర్థి ఆటగాడు శిక్షపడి బయట కూర్చున్నప్పుడు, అంటే పవర్ ప్లేలో, అయిదుగురు నలుగురి మీద ఆడి సాధించినవి కొన్ని ఉంటాయి. పక్కన మేటి సహచరుడు ఉండడం వల్ల కలిసివచ్చినవి కొన్ని ఉంటాయి. ఇరుపక్షాలా అయిదుగురు ఉన్నప్పుడు వచ్చిన పాయింట్ల మీదే నాకు ఎక్కువ నమ్మకం.

అయితే అంకెలు ఇంతవరకే తీసుకువస్తాయి. ఆ తరువాత కన్నే దిక్కు. మీరు పిల్లలకు హాకీ నేర్పుతారు కాబట్టి ఒక్క దృశ్యాన్ని గమనించమని కోరుతున్నాను. ప్రత్యర్థి పక్‌ను, అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను, మూలకు కొట్టాడు. మన డిఫెండర్ వెన్ను చూపుతూ దాని కోసం స్కేట్ చేస్తున్నాడు, వెనకనుంచి ఒకడు మీదికి దూసుకొస్తున్నాడు. మంచి కుర్రాడు పక్‌ను చేరేలోపే ఒకసారి ఎడమ భుజం మీదుగా, ఒకసారి కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. పక్ కర్రకు తగిలే సమయానికి ఎటు పంపాలో తేల్చుకుని ఉంటాడు. సామాన్యుడు ముందు పక్ అందుకుని, ఆ తరువాత తలెత్తుతాడు. అప్పటికి వెనకవాడు అతడిని బోర్డుకు, అంటే మంచు మైదానం చుట్టూ ఉండే గోడకు, అదిమేస్తాడు. జూనియర్‌లో ఆ అర సెకను ఆలస్యం చెల్లిపోతుంది, ఎన్‌హెచ్ఎల్‌లో చెల్లదు. ఈ చూపు ఏ పాయింట్ల పట్టికలోనూ కనిపించదు. మీ ప్రశ్నలోని ‘సగం కూడా లేనివాడు’ రెండో స్థానంలో ఉండడానికి తరచుగా ఇదే కారణం.

ఇక మీ రెండో ప్రశ్న. ఐదేళ్ల తరువాతి సంగతి ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. మంచి జట్లు ఆ సంగతి తెలుసుకుని ఓపిక పడతాయి. డెట్రాయిట్ జట్టు తన స్వీడన్ స్కౌట్ హకాన్ ఆండర్సన్ మాట విని 1998లో 171వ ఎంపికగా పావెల్ డాట్స్యూక్‌ను, 1999లో 210వ ఎంపికగా హెన్రిక్ జెట్టర్‌బర్గ్‌ను తీసుకుంది. తొందరపడి పిలిపించలేదు; డాట్స్యూక్ 2001లో, జెట్టర్‌బర్గ్ 2002లో డెట్రాయిట్ తరఫున ఆడడం మొదలుపెట్టారు. 2008లో ఎన్‌హెచ్ఎల్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ఆ జట్టుకు ఈ ఇద్దరే ప్రాణం. పంతొమ్మిదేళ్లకు జట్టులోకి రాలేదని ఒక కుర్రాడిని జాబితాలోంచి కొట్టిపారేసేవారి మాట మీద నాకు గౌరవం లేదు.

గోల్‌కీపర్ల విషయంలో ఈ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. నాష్‌విల్ జట్టు 2004లో 258వ ఎంపికగా తీసుకున్న పెక్కా రిన్నే ఇరవై ఆరేళ్ల వయసులో గానీ ఆ జట్టు ప్రధాన గోల్‌కీపర్ కాలేదు. 2018లో ఉత్తమ గోల్‌కీపర్‌గా వెజీనా ట్రోఫీ అందుకున్నాడు. నేటి డ్రాఫ్ట్‌లో అయితే 258వ పేరు పిలిచే అవకాశమే లేదు.

ప్రశ్న: ఎంపికకు ముందు ఆటగాళ్లకు శారీరక పరీక్షలు పెడతారని చదివాను. మా అబ్బాయి పొట్టి అని ఇక్కడ ఎంపికల్లో పక్కన పెడుతున్నారు. అక్కడ కూడా ఒడ్డూ పొడుగూ చూస్తారా?
— ఒక తల్లి, తాడిపత్రి

జవాబు: చూస్తారమ్మా, గతంలో ఇంకా ఎక్కువగా చూసేవారు. డ్రాఫ్ట్‌కు ముందు ప్రముఖ కుర్రాళ్లందరినీ ఒకచోటికి పిలిపించి సైకిల్ తొక్కించి ఊపిరి కొలుస్తారు, ఎగిరించి కాళ్ల బలం చూస్తారు, జట్లవారు విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. 2014లో ఆ పరీక్షల్లో శామ్ బెన్నెట్ అనే కుర్రాడు కడ్డీ పట్టుకుని ఒక్క పుల్-అప్ కూడా తీయలేకపోయాడు. పత్రికలన్నీ దాన్నే రాశాయి. కాల్గరీ జట్టు మాత్రం అతడి ఆటను చూసి నాలుగో ఎంపికగా తీసుకుంది. అక్కడ అతడు ఆశించినంతగా రాణించలేదు; 2021లో ఫ్లోరిడా జట్టుకు మారిన తరువాత వికసించి, 2025 స్టాన్లీ కప్ పోటీల్లో అత్యుత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ గెలిచాడు. పద్దెనిమిదేళ్ల వయసులో లేని కండ తరువాత వస్తుంది.

ఎత్తు సంగతి వేరు, అది కొంతమందికి రాదు. మార్టిన్ సెయింట్ లూయీ అయిదడుగుల ఎనిమిది అంగుళాలవాడు కావడంతో ఏ జట్టూ అతడిని డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. 2004లో అతడు టాంపా బే తరఫున పాయింట్లలో లీగ్‌కే మొదటివాడిగా నిలిచి, హార్ట్ ట్రోఫీతో పాటు స్టాన్లీ కప్ కూడా గెలిచాడు. పొట్టివాడు నెగ్గుకురావాలంటే వేగంలోనో ఆలోచనలోనో తోటివారికంటే స్పష్టంగా ముందుండాలన్నది మాత్రం నిజం. మీ అబ్బాయికి ఆ రెండింటిలో ఏది ఉందో శిక్షకుడిని నేరుగా అడగండి. ఎత్తు గురించి తప్ప ఆయన మరేమీ చెప్పలేకపోతే, అబ్బాయి ఆటను ఆయన సరిగా చూడలేదన్నమాటే.

ప్రశ్న: వాంకూవర్ జట్టుకు చెందిన అర్ష్‌దీప్ బెయిన్స్ భారతీయ సంతతివాడని విని సంతోషించాను. వెస్టర్న్ జూనియర్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించినా అతడిని ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో ఎంచుకోలేదట. ఇది వివక్ష కాదా?
— ఒక విద్యార్థి, గుంతకల్లు

జవాబు: వివక్ష అసలే లేదని నేను అనను, కానీ ఈ ఒక్క విషయంలో పుట్టిన తేదీ వేరే కారణం చూపిస్తోంది. బెయిన్స్ పుట్టింది 2001 జనవరిలో. అతడు 112 పాయింట్లు సాధించిన 2021-22 సీజన్ మధ్యలో అతడికి ఇరవై ఒకటి నిండాయి. జూనియర్‌లో ఆ వయసువారిని జట్టుకు ముగ్గురిని మించి ఉంచుకోనివ్వరు. తనకంటే రెండు మూడేళ్లు చిన్నవాళ్ల మీద సాధించిన పాయింట్లు కాబట్టి పరిశీలకులు వాటి విలువను తగ్గించి చూశారు. డ్రాఫ్ట్‌కు తొలిసారి అర్హుడైన పద్దెనిమిదేళ్ల వయసులో అతడికి అలాంటి అంకెలు లేవు, ఆలస్యంగా ఎదిగినవాడు.

వాంకూవర్ చేసిన మంచి పని ఏమిటంటే, విలువ తగ్గించినా పూర్తిగా కొట్టివేయకుండా 2022 మార్చిలో ఒప్పందం ఇచ్చి, అబ్బాట్స్‌ఫర్డ్‌లోని తన అనుబంధ జట్టుకు పంపింది. అక్కడ పెద్దవాళ్ల మధ్య నిలదొక్కుకుని 2024 ఫిబ్రవరిలో అతడు తొలి ఎన్‌హెచ్ఎల్ ఆట ఆడాడు. 2025లో కాల్డర్ కప్, అంటే అనుబంధ జట్ల లీగ్ విజేతకు ఇచ్చే కప్పు, గెలిచిన అబ్బాట్స్‌ఫర్డ్ జట్టులో అతడున్నాడు. అప్పుడు ఆ జట్టు శిక్షకుడు మన దేశ మూలాలున్న మ్యానీ మల్హోత్రా. 1998లో న్యూయార్క్ రేంజర్స్ మల్హోత్రాను ఏడో ఎంపికగా తీసుకుంది. బెయిన్స్ ఎన్‌హెచ్ఎల్‌లో మొదటి రెండు వరుసల్లో, అంటే వంతులవారీగా దిగే దాడి బృందాల్లో మేటివైన రెండింటిలో, ఆడే గోల్ వీరుడు అవుతాడని నేను అనుకోవడం లేదు. ప్రత్యర్థి మీదికి ఉరికి పక్ లాక్కునే మూడో, నాలుగో వరుస ఆటగాడిగా స్థిరపడగలడని నా అంచనా. ఇకపై అతడి ఆటలు చూసేటప్పుడు పాయింట్లు లెక్కపెట్టకుండా, బోర్డుల వెంబడి జరిగే పోరులో ఎన్నిసార్లు పక్‌తో బయటపడుతున్నాడో గమనించండి.