ఫలితాల రోజున ఊరు ఏం చేయగలదు

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు పిల్లలు ప్రాణాలు తీసుకోకుండా ఊరివాళ్లు ఏం చేయగలరని అడిగారు. నేను వైద్యుణ్ని కాను. ఉత్తర తెలంగాణలోని ఒక మండల కేంద్రంలో, ప్రభుత్వ జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతాను. నా అనుభవంలోకి వచ్చినంత మేరకే రాస్తున్నాను.

2019 ఏప్రిల్ 18న ఫలితాలు వెలువడిన తర్వాతి రోజుల్లో రాష్ట్రంలో 20 మందికి పైగా విద్యార్థులు చనిపోయారని పత్రికలు రాశాయి. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలను రుసుము లేకుండా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే మా ఊరి నెట్ సెంటర్ నడిపే అతను నాకు ఫోన్ చేసి, "సార్, మీ పిల్లగాడు నంబరు మూడుసార్లు కొట్టించి చూసుకున్నడు, ఏం మాట్లాడకుండ పోయిండు, మొఖం మంచిగ లేదు" అన్నాడు. వెతుక్కుంటూ వెళ్తే మా విద్యార్థి బస్టాండు వెనక అరుగు మీద కనిపించాడు. సప్లిమెంటరీ ఉంది కదా, దీనికే ఇంత దిగులా అంటూ అందరూ చెప్పే మాటలే నేనూ చెప్పాను. అతను నా వైపు చూడనైనా లేదు. ఇక ఏం చేయాలో తోచక, "చచ్చిపోవాలనిపిస్తున్నదా, బిడ్డా?" అని తిన్నగా అడిగాను. చాలాసేపటికి తలూపాడు. తర్వాత ఏడ్చాడు, ఆ తర్వాతే నోరు విప్పాడు. అతని భయం మార్కుల గురించి కాదు, సాయంత్రం దుబాయి నుంచి ఫోన్ చేసే నాన్నకు ఏం చెప్పాలన్నదే. మేనమామ వచ్చేదాకా అక్కడే కూర్చుని, ఆ ఫోన్ మేమే చేశాం. తండ్రి అంతా విని అడిగిన మొదటి మాట, "తిన్నడా, సార్?"

అలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది జంకుతారు. అది నిజం కాదని, అడిగితే ఎక్కువమందికి గుండె బరువు దిగుతుందని మానసిక వైద్యులు స్పష్టంగా చెబుతున్నారు. పోలీసు కేసవుతుందన్న భయంతో ప్రయత్నించిన సంగతిని దాచే ఇళ్లూ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడమంటుంది, శిక్షించమనదు.

ఇప్పుడు ఏటా ఫలితాలకు వారం ముందు నెట్ సెంటర్ల వాళ్లతో, ఆటోవాళ్లతో, ఆశా కార్యకర్తలతో ఒక పూట కూర్చుంటాం. తిండి మానేసినా, ఫోన్ ఆపేసినా, ఇష్టంగా దాచుకున్న వస్తువులను పంచిపెడుతున్నా, "ఇక నాతో మీకు బాధ ఉండదు" వంటి మాట అన్నా ఆ పిల్లను గానీ పిల్లవాణ్ని గానీ ఒంటరిగా వదలవద్దని, పొలం మందులు, ఇంట్లోని మాత్రలు తాళంలో పెట్టించాలని చెబుతాం. 14416 నంబరును గోడల మీద రాయించాం. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఇది చదువుతున్న మీకే అలాంటి ఆలోచన వస్తుంటే, ఇప్పుడే ఆ నంబరుకు చేయండి, దగ్గరివాళ్లలో ఒకరిని పక్కన ఉండమనండి.

విశాఖలో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ కౌన్సెలర్ ఉండాలన్నది. మా దగ్గర ఇంకా లేరు. ర్యాంకుల ఫ్లెక్సీలు మాత్రం ఫలితాల మర్నాటికే కూడలి నిండా వెలుస్తాయి.

మేము మొదట్లో చేసిన పొరపాటు ఒకటుంది: రెండు రోజులు కాపలా కాసి, గండం గడిచిందనుకునేవాళ్లం. తోటివాళ్లు పై చదువులకు వెళ్లిపోయాక మిగిలిన పిల్లలకు సప్లిమెంటరీ ఫలితాలదాకా గడిచే రోజులే మరీ ఒంటరివి. అందుకే ఇప్పుడు వారానికోసారి వాళ్ల ఇళ్లకు వెళ్తున్నాం. నెట్ సెంటర్ అతనైతే ఫలితాల రోజున షట్టర్ పక్కన రెండు కుర్చీలు, మంచినీళ్ల క్యాన్ పెడతాడు; ఫెయిలైన పిల్లలను ఇంటి నుంచి ఎవరో ఒకరు వచ్చేదాకా కదలనివ్వడు.