సంఘం ఆఫీసులో ఉద్యోగం: చేరమనే చెబుతాను

ప్రశ్న: మాది సిరిసిల్ల. ఎనిమిది సాంచాలు (మరమగ్గాలు) నడుపుకుంటున్నాం. మా అబ్బాయి ఎంబీఏ పూర్తి చేశాడు. తమిళనాడులోని తిరుప్పూర్‌లో ఒక పరిశ్రమల సంఘం ఆఫీసులో ఎగ్జిక్యూటివ్‌గా రమ్మన్నారు. హైదరాబాద్‌లో బ్యాంకు సేల్స్ ఉద్యోగం కూడా వచ్చింది, జీతం అక్కడే ఎక్కువ. సంఘం అంటే మీటింగులు, సన్మానాలే కదా అని ఇంట్లో టెన్షన్ పడుతున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: తిరుప్పూర్‌కే పంపండి. మీ ఇంట్లోవాళ్లు అంటున్నట్టు మీటింగులతో సరిపెట్టుకునే సంఘాలు చాలా ఊళ్లలో ఉన్నాయి, కాదనను. కానీ తిరుప్పూర్ కథ వేరు.

అక్కడి బనియన్ బట్టకు రంగు వేయాలంటే నీళ్లు కావాలి. ఊళ్లో నీళ్లకు కటకట. చాలా ఏళ్లు ట్యాంకర్లతోనే నెట్టుకొచ్చారు. 1990లో ఏర్పడిన తిరుప్పూర్ ఎగుమతిదారుల సంఘం తమిళనాడు ప్రభుత్వంతో, ఒక ఆర్థిక సంస్థతో కలిసి నీళ్ల కోసం ఏకంగా ఒక కంపెనీ పెట్టించింది. రోజుకు 18.5 కోట్ల లీటర్ల సామర్థ్యంతో భవానీ పట్టణం వైపు నుంచి పైపులైను వేశారు. ఫ్యాక్టరీల దగ్గర ఎక్కువ ధర తీసుకుని మున్సిపాలిటీకి, చుట్టుపక్కల గ్రామాలకు తక్కువకు ఇచ్చారు. ఏ ఒక్క యజమానీ తన డబ్బుతో చేయగల పని కాదది. నిట్‌వేర్ కాలేజీ, అపారెల్ పార్కు వెనక కూడా ఈ సంఘమే ఉంది. కూలి రేట్ల ఒప్పందాలకు కార్మిక సంఘాలతో కూర్చునేదీ అక్కడి యజమానుల సంఘాలే. సిరిసిల్లలో కూలి పెంపు గొడవలు చూసినవారు కాబట్టి అది ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అలాగని అంతా మంచే జరగలేదు. ఇన్ని సంఘాలున్న ఊళ్లోనే రంగునీళ్లు నొయ్యల్ నదిలో కలిసి కింది రైతుల పొలాలు పాడయ్యాయి. 2011లో మద్రాసు హైకోర్టు డైయింగ్ యూనిట్లు మూసేయమంది. ఆ తర్వాతే మురుగును శుద్ధి చేసి, బయటికి వదలకుండా మళ్లీ వాడుకునే పద్ధతి గట్టిగా అమలైంది. మీ అబ్బాయి ఈ సంగతి కూడా తెలుసుకుని వెళ్లాలి. సభ్యుల లాభం, ఊరి మేలు ఎప్పుడూ ఒకటే కావు. ఆ రెండింటి మధ్య మాట కుదర్చడమే ఆ ఆఫీసులో అసలు పని.

రోజువారీ పని విషయానికొస్తే, కొత్త జీవో వస్తే సభ్యులకు అర్థమయ్యేలా సర్క్యులర్ రాయాలి. జీఎస్టీ రిఫండ్లు, డ్యూటీ డ్రాబ్యాక్ (ఎగుమతిదారులకు తిరిగొచ్చే సుంకం) ఎక్కడ ఆగాయో ఆరా తీయాలి. మంత్రికి ఇచ్చే వినతిపత్రం లెక్కలతో సహా తయారుచేయాలి. ఒక కంపెనీలో చేరితే ఆ ఒక్క కంపెనీ సంగతే తెలుస్తుంది. ఇక్కడ ఊళ్లోని పెద్ద యజమానులూ వాళ్లకు కూలికి పని చేసిపెట్టే చిన్న జాబ్‌వర్క్ వాళ్లూ అందరూ పరిచయమవుతారు. సేల్స్ టార్గెట్ల వెంట పరిగెత్తే కుర్రాడికి ఈ అవకాశం దొరకదు.

అయితే అక్కడే పాతుకుపోకూడదు. సంఘం ఆఫీసుల్లో పై పోస్టులు కొన్నే ఉంటాయి, జీతం నెమ్మదిగా పెరుగుతుంది. రెండు మూడేళ్లు చేసి ఎగుమతి కంపెనీల డాక్యుమెంటేషన్, కంప్లయన్స్ (నిబంధనల అమలు) విభాగాలకో, ఒకేచోట ఉన్న చిన్న పరిశ్రమల క్లస్టర్ ప్రాజెక్టులకో మారాలి. కేంద్ర ప్రభుత్వ క్లస్టర్ పథకంలో ఉమ్మడి సౌకర్యాల కేంద్రాలకు గ్రాంటు ఇస్తారు, వాటిని నడపడానికి ఈ అనుభవం ఉన్నవాళ్లు కావాలి. హైదరాబాద్ యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐ-ఎంఎస్ఎంఈలో ఇలాంటి శిక్షణలు ఉంటాయి, ఒకసారి కనుక్కోండి. సిరిసిల్లకే తిరిగొస్తానంటే ఆపకండి. ప్రభుత్వ చీరల ఆర్డరు ఉంటే పని, లేకపోతే ఖాళీ అన్న పరిస్థితి మీకు తెలిసిందే. ప్రైవేటు మార్కెట్‌ను మన ఊరికి తేవడం తెలిసిన మనిషి అక్కడ చాలా అవసరం.

వెళ్లేముందు తమిళం మాట్లాడటం మొదలుపెట్టమనండి, చదవడం మెల్లగా వస్తుంది. చేరే ముందు ఆ సంఘం వార్షిక నివేదిక అడిగి తీసుకోమనండి. ఎన్నికలు సమయానికి జరుగుతున్నాయా, కిందటేడు చందా డబ్బు దేనికి ఖర్చయింది అన్నది అందులో చూడాలి. నివేదిక చూపించడానికే వెనకాడితే ఆ ఆఫరు వదిలేయండి. తిరుప్పూర్‌లో సంఘాలు ఇంకా ఉన్నాయి, వాటికి దరఖాస్తు చేసుకోవచ్చు.