జెనెటిక్స్ సరే, ట్యాంకు సంగతి కూడా చూడండి

ప్రశ్న: మైక్రోబయాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. బ్యాక్టీరియాతో విటమిన్లు తయారుచేసే రంగంలోకి వెళ్లాలని ఉంది. విటమిన్లు కెమిస్ట్రీ వాళ్ల పని అని ఇంట్లో అంటున్నారు. పీజీలో జెనెటిక్స్ తీసుకోవాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఇంట్లోవాళ్ల మాటలో సగం నిజం ఉంది. ఎ, ఇ విటమిన్లు ఇప్పటికీ ఎక్కువగా రసాయన పద్ధతిలోనే తయారవుతాయి. బి12 సంగతి వేరు. వుడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్ అనే రసాయన శాస్త్రవేత్తల బృందాలు దాన్ని రసాయనికంగా తయారుచేసి 1972లో పూర్తయిందని ప్రకటించాయి. అందుకు 70కి పైగా దశలు, వందమంది దాకా పరిశోధకులు కావలసి వచ్చారు. అలా చేసి అమ్మడం కుదరదు కాబట్టి, మార్కెట్లో ఉన్న బి12 అంతా బ్యాక్టీరియా చలవే. బి2 కూడా ఒకప్పుడు కెమిస్ట్రీ వాళ్లదే, తర్వాత ఫెర్మెంటేషన్‌కి, అంటే సూక్ష్మజీవులతో తయారుచేసే పద్ధతికి మారిపోయింది.

ఇక జెనెటిక్స్. మంచి స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం) లేకపోతే ఏదీ లేదు, నిజమే. కానీ అందరూ అక్కడే క్యూ కడతారు. ఫ్లాస్కులో చక్కగా పెరిగిన బ్యాక్టీరియా వేల లీటర్ల ట్యాంకులో మొండికేస్తుంది. గాలి అన్ని మూలలకూ సమంగా అందదు, వేడి బయటికి పోదు, నురగ పొంగుతుంది. బి12 తయారుచేసే ప్రోపియోనిబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియానే చూడండి. బి12 అణువులో ఎక్కువ భాగాన్ని అది గాలి లేకుండానే కడుతుంది. చివర్లో చేరే ఒక ముక్క తయారీకి మాత్రం కాస్త ఆక్సిజన్ కావాలి. అందుకే ముందు గాలి ఆపి పెంచి, తర్వాత కొద్దికొద్దిగా వదులుతారు. ఈలోగా అది విడుదల చేసే ప్రోపియోనిక్ ఆమ్లం పేరుకుపోతే దాని పెరుగుదలే ఆగిపోతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లు కావాలి.

కాబట్టి బయోప్రాసెస్ ఇంజనీరింగ్, అంటే ఈ ట్యాంకు పని నేర్పే సబ్జెక్టు కూడా ఉన్న పీజీ చూసుకోండి. చేరేముందు సీనియర్లను ఒకటే అడగండి: ఫెర్మెంటర్‌ని (బ్యాక్టీరియాను పెంచే ట్యాంకుని) మీ చేత్తో నడిపారా, అద్దం అవతల నుంచి చూశారా? లెక్కలంటే భయముంటే ఇప్పుడే వదిలించుకోండి. కణాల్లోంచి విటమిన్‌ను బయటికి తీసి శుద్ధి చేసే డౌన్‌స్ట్రీమ్ పనిని కూడా చిన్నచూపు చూడకండి.

రాత్రి షిఫ్టులు ఉంటాయి. కంటామినేషన్ వస్తే, అంటే వేరే సూక్ష్మజీవులు చొరబడితే, బ్యాచ్ మొత్తం పారబోయాల్సి రావచ్చు. పైగా విటమిన్లు ఇలా తయారుచేసే కంపెనీలు తక్కువే. అందుకని విటమిన్లే అని పట్టుబట్టకండి. ఇదే పనితనం ఎంజైములు, అమైనో ఆమ్లాలు, యాంటీబయాటిక్స్, టీకాల తయారీలోనూ పనికొస్తుంది. ఇంట్లోవాళ్లకు ముందు ఈ సంగతే చెప్పండి.